పిల్లల ఈత - పెద్దల బాధ్యత



వేసవి సెలవులు వచ్చాయంటే చాలు, హైదరాబాదు నుంచి మొయినాబాద్, చేవెళ్ల వైపు వెళ్ళే దారి రద్దీగా మారుతుంది. మూడు నాలుగు కుటుంబాలు కలిసి ఒక ఫాంహౌస్‌ను ఒక రోజుకు అద్దెకు తీసుకుంటాయి. బిర్యానీ గిన్నెలు, చాపలు, పిల్లల బట్టల సంచులు బండ్లకెక్కుతాయి. అక్కడికి చేరగానే పిల్లల కళ్ళు వెతికేది ఒక్కదాన్నే - ఈత కొలను. మగవాళ్ళు పొయ్యి దగ్గర ఉంటారు, ఆడవాళ్ళు వరండాలో ఉంటారు, పిల్లలు కొలను దగ్గర ఉంటారు. 'ఇంతమందిమి ఉన్నాం కదా, ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు' అని అందరూ అనుకుంటారు. ఆ 'ఎవరో ఒకరు' ఎవరన్నది మాత్రం ఎవరూ తేల్చుకోరు.

ఊళ్ళలో ఉండేవారి సంగతి మరొకటి. అక్కడ కొలను లేదు గానీ వ్యవసాయ బావి ఉంది, కుంట ఉంది, వాన పడితే నిండే మొరం గుంత ఉంది. బడి లేని మధ్యాహ్నం నలుగురు పిల్లలు కలిసి వెళతారు. ఒకరు దిగుతారు. ఒకరి వెనుక ఒకరు దిగుతారు.

'ఈతకు వెళ్ళి...' అని మొదలయ్యే వార్త ఏటా పత్రికల్లో కనిపిస్తూనే ఉంటుంది. చదివి 'ఇన్నా లిల్లాహి' అంటాం. 'వాళ్ళ ఆయుష్షు అంతే' అనుకుని పేజీ తిప్పేస్తాం. అయితే ఆ పేజీ తిప్పే ముందు ఒక్క ప్రశ్న మనల్ని మనం వేసుకోవాలి: మన పిల్లలకు ఈత నేర్పడం మన బాధ్యత కాదా? వాళ్ళు నీటిలో ఉన్నంతసేపు కావలి ఉండడం మన బాధ్యత కాదా? ఈ నెల పాఠం దీని గురించే.

నీళ్ళ నడుమ మన ఊళ్ళు

మొయినాబాద్ మండలం రెండు పెద్ద జలాశయాల నడుమ ఉంది. ఒకటి మూసీ నదిపై కట్టిన ఉస్మాన్‌సాగర్, మనం గండిపేట చెరువు అని పిలుచుకునేది. రెండవది ఈసీ నదిపై కట్టిన హిమాయత్‌సాగర్. ఈ రెండూ ఎందుకు పుట్టాయో గుర్తుంచుకోవాలి. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద హైదరాబాదులో వేలాది ప్రాణాలను బలిగొంది. అలాంటి విపత్తు మళ్ళీ రాకూడదన్న ఆలోచనతో మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు ఈ జలాశయాల నిర్మాణానికి పూనుకున్నారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అంటే నీటి నుంచి మనుషులను కాపాడాలన్న తపన నుంచే ఈ నీళ్ళు ఇక్కడ నిలిచాయి. ఇవి తాగునీటి కోసం, వరద నివారణ కోసం కట్టినవి. ఈత కోసం కట్టినవి కావు. ఈ గట్లపై నిలబడి చూసినప్పుడు పిల్లలకు ఈ సంగతి చెప్పాలి.

అయితే పిల్లలకు ఎక్కువ ముప్పు పెద్ద చెరువులతో కాదు, ఇంటికి దగ్గరలో ఉండే చిన్న నీళ్ళతోనే. మన ప్రాంతంలో ఇవి ఎన్ని రకాలుగా ఉన్నాయో చూడండి.

మొదటిది, పాత మోటబావులు. మోట పోయింది, బోరు వచ్చింది. కొన్ని బావులకు ఒరలు కూలిపోయాయి, చుట్టూ పొదలు పెరిగాయి. దిగడానికి మెట్లు లేవు, ఎక్కడానికి పట్టు లేదు.

రెండవది, పూల తోటలు, కూరగాయల తోటలు, పాలిహౌస్‌ల పక్కన తవ్విన నీటి కుంటలు. నీరు ఇంకిపోకుండా వీటికి ప్లాస్టిక్ పట్టా పరుస్తారు. పట్టాపై పాచి పడితే అది సబ్బులా జారుతుంది. అందులో జారిపడితే ఈత వచ్చిన పెద్దవాడు కూడా గట్టు ఎక్కలేక అలసిపోతాడు. ఇలాంటి కుంట ఉన్న ప్రతి రైతు సోదరుడూ చుట్టూ కంచె వేయాలి. నాలుగు వైపులా ముడులు వేసిన తాడు గట్టుకు కట్టి నీటిలోకి వదలాలి. ఖర్చు స్వల్పం, దాని విలువ ఒక ప్రాణం.

మూడవది, మట్టి కోసం, మొరం కోసం, రాయి కోసం తవ్విన గుంతలు. వీటి అడుగు సమంగా ఉండదు. మోకాలి లోతు అనుకుని వేసిన మరుసటి అడుగు నిలువు లోతుకు పోతుంది.

నాలుగవది మన ఇళ్ళలోనే ఉంది. మూత సరిగా లేని నీళ్ళ సంపు, పెద్ద డ్రమ్ము, బాత్‌రూంలో నింపి ఉంచిన బకెట్టు. ఏడాది, రెండేళ్ళ బిడ్డకు శరీరంలో తలే బరువు. బకెట్టులోకి తొంగిచూసి తలకిందులైతే మళ్ళీ లేవలేదు. జానెడు నీరు చాలు.

ధర్మం ఏమి చెబుతోంది?

'పిల్లలకు ఈత, విలువిద్య, గుర్రపు స్వారీ నేర్పండి' అన్న భావం గల మాటను మనం తరచూ వింటుంటాం. దీన్ని చాలాచోట్ల ప్రవక్త (స) హదీసుగా ముద్రిస్తారు. నిజానికి ఇది హజ్రత్ ఉమర్ (రజి) మాటగా ప్రసిద్ధం. దీన్ని నేరుగా దైవప్రవక్త (స)కు ఆపాదించే ఉల్లేఖనాలు బలహీనమైనవని హదీసువేత్తలు తెలిపారు. మంచి మాటైనా సరే, ఎవరు చెప్పిందో సరిగా చెప్పడం కూడా అమానతే.

హజ్రత్ ఉమర్ (రజి) సిరియా ప్రాంతంలో ఉన్న తన సేనాని హజ్రత్ అబూ ఉబైదా (రజి)కు రాసిన లేఖలో పిల్లలకు ఈత నేర్పమనీ, యోధులకు విలువిద్య నేర్పమనీ ఆదేశించినట్లు ముస్నద్ అహ్మద్‌లో ఉంది. గమనించండి! ఒక విశాల రాజ్యాన్ని పాలిస్తున్న ఖలీఫా, యుద్ధ వ్యవహారాల మధ్య పిల్లల ఈతను గుర్తుపెట్టుకున్నారు. పైగా పిల్లలకు మొదట కేటాయించింది ఈతనే.

మరొక హదీసు ఇమామ్ నసాయీ గ్రంథంలో వచ్చింది. ఇద్దరు సహాబీలు బాణాలు వేయడం అభ్యసిస్తున్నారు. ఒకరు అలసి కూర్చున్నారు. అప్పుడు రెండవవారు దైవప్రవక్త (స) బోధను గుర్తుచేశారు. దాని సారాంశం ఇది: దైవస్మరణ లేని ప్రతి పనీ వృథా కాలక్షేపమే, నాలుగు తప్ప. విలువిద్య అభ్యాసం, గుర్రానికి శిక్షణ ఇవ్వడం, ఆలుబిడ్డలతో సరదాగా గడపడం, ఈత నేర్చుకోవడం. ఆదివారం పూట బిడ్డను ఈతకు తీసుకెళ్ళే తండ్రి ఈ నాలుగింటిలో రెండింటిని ఒకేసారి చేస్తున్నాడు. బిడ్డతో గడుపుతున్నాడు, ఈత నేర్పుతున్నాడు. 'ఇది ఆటే కదా, దీనికి సమయం ఎందుకు?' అనేవారికి ఇంతకన్నా సమాధానం అవసరమా?

దైవప్రవక్త (స) స్వయంగా చిన్నతనంలో తల్లి ఆమినాతో కలిసి మదీనా వెళ్ళినప్పుడు బనూ అదీ బిన్ నజ్జార్ వారి బావిలో ఈత నేర్చుకున్నట్లు చరిత్రకారుడు ఇబ్నె సఅద్ రాశారు. ఎడారి పిల్లవాడు బావిలో ఈత నేర్చుకున్నాడు! మూడు దిక్కులా నీళ్ళున్న ఊళ్ళలో పుట్టిన మన పిల్లలకు ఈత రాకపోవడం ఎంత విచిత్రం!

వాగ్దానం ఉన్నా కావలి పెట్టిన తల్లి

'ఎంత జాగ్రత్తపడ్డా జరిగేది జరగక మానదు' అనేవారు మనలో ఉన్నారు. విధివ్రాతపై విశ్వాసం ఈమాన్‌లో భాగమే. కానీ అజాగ్రత్తకు విధి అనే పేరు పెట్టడం విశ్వాసం కాదు. ఒంటెను కట్టేసి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) బోధించిన సంగతి మనందరికీ తెలిసిందే.

ఈ విషయంలో మరింత దగ్గరి ఉదాహరణ దివ్య ఖుర్ఆన్‌లోనే ఉంది. అల్ ఖసస్ సూరాలో హజ్రత్ మూసా (అలై) తల్లి వృత్తాంతం చదవండి. పసిబిడ్డను నదిలో వదలమని ఆమెకు దైవాదేశం వచ్చింది. భయపడవద్దనీ, బిడ్డను తిరిగి ఆమె ఒడికే చేరుస్తామనీ వాగ్దానం కూడా వచ్చింది. సాక్షాత్తూ అల్లాహ్ వాగ్దానం! ఇక చింత ఏముంది? అయినా ఆ తల్లి ఏం చేసింది? తన కూతురిని పిలిచి, తమ్ముడి వెంటే వెళ్ళి కనిపెట్టమని చెప్పింది. ఆ అమ్మాయి దూరం నుంచి చూస్తూ వెళ్ళింది. చివరకు బిడ్డ తల్లి ఒడికి చేరడానికి ఆ అమ్మాయి కాపలాయే మార్గమైంది.

ఆలోచించండి! దైవ వాగ్దానం పొందిన తల్లి నీటిలో ఉన్న బిడ్డకు కావలి పెట్టింది. ఏ వాగ్దానమూ లేని మనం 'ఎవరో ఒకరు చూస్తారులే' అని కూర్చుంటున్నాం. ఈ వ్యాసంలో మిగతాదంతా మరచిపోయినా సరే, ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నీటిలో బిడ్డ ఉన్నంతసేపు గట్టు మీద మూసా (అలై) సోదరి లాంటి ఒక మనిషి ఉండాలి. పేరు పెట్టి నియమించిన మనిషి ఉండాలి.

మునగడం నిశ్శబ్దంగా జరుగుతుంది

సినిమాల్లో మునిగిపోయేవారు చేతులు పైకెత్తి కేకలు వేస్తారు. వాస్తవంలో అలా జరగదు. ఊపిరి అందని బిడ్డ కేక వేయలేదు. నోరు నీటి అంచున తేలుతూ మునుగుతూ ఉంటుంది. తల వెనక్కి వాలుతుంది. చేతులు పక్కలకు చాచి నీటిని కిందికి నొక్కుతుంటాయి. చూసేవారికి ఆడుకుంటున్నట్లే ఉంటుంది. చిన్నపిల్లలు నిమిషంలోపే మునిగిపోతారు. నాలుగైదు నిమిషాలు గాలి అందకపోతే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఫోను మాట్లాడి వచ్చేంత సమయం చాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో వెలువరించిన నివేదిక ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారు. వారిలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్ళలోపు పిల్లలే. ఈ సమస్య తీవ్రతను గుర్తించి ఐక్యరాజ్య సమితి 2021లో జూలై 25ను నీట మునక నివారణ దినంగా ప్రకటించింది.

ఈ మరణాలు తప్పనిసరివి కావని మన పొరుగునే ఉన్న బంగ్లాదేశ్ చూపించింది. అక్కడి పల్లెల్లో చాలా ఇళ్ళ పక్కన చెరువు ఉంటుంది. స్విమ్‌సేఫ్ అనే కార్యక్రమం కింద ఊరి చెరువులోనే వెదురుతో ఒక వేదిక, చుట్టూ దడి కట్టారు. 4 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు స్థానిక యువతీ యువకులే శిక్షకులుగా ఈత నేర్పారు. 25 మీటర్లు ఈదడం, 30 సెకన్లు నీటిపై తేలి ఉండడం, నీటిలో దిగకుండా గట్టు మీద నుంచే తోటివారిని రక్షించడం - ఈ మూడూ వస్తేనే నేర్చుకున్నట్లు లెక్క. నేర్చుకున్న పిల్లల్లో మునక మరణాలు 90 శాతానికి పైగా తగ్గాయని అధ్యయనాల్లో తేలింది. అంతకన్నా చిన్నపిల్లలకు ఈతతో పని కాదు కాబట్టి, తల్లులు పనిలో ఉండే వేళల్లో పసిపిల్లలను చూసుకునే కేంద్రాలు నడిపారు. ఇందులో మనం నేర్వవలసిన పాఠం ఇది: పసివారికి కావలి, ఎదిగినవారికి ఈత. ఒకటి రెండవదానికి బదులు కాదు.

నెట్టడం నేర్పడం కాదు

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పుకోవాలి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా మామూ నన్ను బావి దగ్గరకు తీసుకెళ్ళారు. 'ఒక్కసారి పడితే అదే వస్తుంది' అని వెనుక నుంచి నెట్టారు. ఆయన మనసులో చెడు లేదు, ఆయనకూ అలాగే నేర్పారట. వెంటనే దూకి నన్ను పైకి తీశారు కూడా. కానీ ఆ పచ్చని నీళ్ళు నా ముక్కులోకి పోయిన క్షణం నేటికీ మరచిపోలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు నేను నీటిలో దిగలేదు. మామూతో కలిసి ఎక్కడికీ వెళ్ళలేదు. పోయింది ఈత ఒక్కటే కాదు, నమ్మకం కూడా పోయింది. నా కొడుకుకు నేర్పించవలసిన రోజు వచ్చాకే, వాడితో పాటు నేనూ నేర్చుకున్నాను.

మన పెద్దల్లో మెలకువగా నేర్పినవారూ ఎందరో ఉన్నారు. ఎండిన సొరకాయ బుర్రను బిడ్డ వీపుకు కట్టేవారు. నడుముకు తాడు కట్టి, కొస తమ చేతిలో ఉంచుకునేవారు. బిడ్డకు ధైర్యం వచ్చేకొద్దీ తాడు వదులు చేసేవారు. ఆ తాడులో గొప్ప తర్బియత్ ఉంది. బిడ్డ ముందుకు పోతున్నాడు, కానీ తండ్రి చేయి వదలలేదు. ఈ రోజుల్లో బావి కన్నా, నిలబడితే నేల అందే శుభ్రమైన కొలనే మేలు. పద్ధతి మారినా ఆ తాడు వెనుక ఉన్న మనసు మారకూడదు.

ఏ వయసులో, ఎలా నేర్పాలి?

ఏడాది దాటిన బిడ్డను తల్లిదండ్రుల చేతుల్లో ఉంచుకుని నీటికి అలవాటు చేయవచ్చు. నాలుగేళ్ళ నుంచి చాలామంది పిల్లలు క్రమంగా నేర్చుకోగలరు. ఆరేడేళ్ళ వయసు పూర్తిస్థాయి శిక్షణకు ఎంతో అనువైనది. నమాజు నేర్పడం మొదలుపెట్టే వయసు కూడా అదే కదా! మూర్ఛ వ్యాధి, గుండె జబ్బు, చెవి సమస్య ఉన్న పిల్లల విషయంలో ముందుగా డాక్టరును సంప్రదించాలి.

నేర్పే క్రమం ఇలా ఉంటే మంచిది.

1. ముఖానికి నీళ్ళు: వుజూ చేసే బిడ్డకు నోటిలో, ముక్కులో, ముఖంపై నీళ్ళు కొత్త కాదు. అక్కడి నుంచే మొదలుపెట్టండి. నీటిలో ముఖం పెట్టి నోటితో, ముక్కుతో గాలి బుడగలు వదలమనండి. పైకి లేచి గాలి పీల్చాలి, నీటిలో వదలాలి. ఈత అంతా ఈ ఒక్క అలవాటుపై నిలబడి ఉంది.

2. వెల్లకిలా తేలడం: మీ అరచేయి బిడ్డ తల కింద, రెండో చేయి వీపు కింద ఉంచండి. చెవులు నీటిలో, చూపు ఆకాశం వైపు, పొట్ట పైకి. బిడ్డ ఒళ్ళు వదులు చేసిన తర్వాత చేతులను మెల్లగా తగ్గించండి. ప్రాణం నిలిపే విద్య ఇదే. వేగంగా ఈదడం తర్వాతి మాట.

3. జారుతూ సాగడం: గోడను కాళ్ళతో తన్ని, చేతులు ముందుకు చాచి, ముఖం నీటిలో ఉంచి మీ వైపు రమ్మనండి. మొదట రెండు అడుగుల దూరం, తర్వాత నాలుగు.

4. కాళ్ళు, ఆ తర్వాత చేతులు: గట్టు పట్టుకుని తొడల నుంచి కాళ్ళు ఆడించడం నేర్పండి. కాళ్ళు కుదిరాక చేతుల బారలు నేర్పండి.

5. వెనుదిరిగి గట్టు పట్టుకోవడం: నీటిలో పడిన బిడ్డ వెంటనే వెనక్కి తిరిగి గట్టును అందుకోవాలి. దీన్ని ఆటలా వందసార్లు చేయించండి.

6. చివరి పరీక్ష: ఈత వచ్చాక ఒకరోజు మామూలు బట్టలతో, మీరు పక్కనే ఉండి ఈదించండి. ప్రమాదవశాత్తు పడే బిడ్డ ఈత దుస్తుల్లో పడదు. తడిసిన బట్టల బరువు ఎలా ఉంటుందో ముందే తెలియాలి.

అరగంటకు మించి నేర్పవద్దు. పెదవులు నీలంగా మారినా, వణుకు పుట్టినా వెంటనే బయటకు తీయండి. ఏడుస్తున్న బిడ్డను ఆ రోజుకు వదిలేయండి. అన్నదమ్ములతో పోల్చి వెక్కిరించకండి. చేతులకు తొడిగే గాలి బుడగలు, రబ్బరు ట్యూబులు ఆటవస్తువులే తప్ప రక్షణ సాధనాలు కావు. జారిపోతాయి, పగులుతాయి, పైగా బిడ్డకు తప్పుడు ధైర్యాన్నిస్తాయి.

ఇంకో మాట. హజ్రత్ ఉమర్ (రజి), హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఇహ్రామ్ స్థితిలో ఉండగా నీటిలో మునిగి, ఎవరు ఎక్కువసేపు ఊపిరి బిగబట్టగలరో పోటీపడినట్లు ఉల్లేఖనాల్లో ఉంది. వారు పెద్దవారు, ఎంతవరకు ఆగగలరో తెలిసినవారు. పిల్లలను మాత్రం ఊపిరి బిగబట్టే పందేలు వేయనివ్వకండి. ఈత బాగా వచ్చినవారు కూడా ఇలా నీటిలోనే స్పృహ తప్పుతారని వైద్యులు హెచ్చరిస్తున్నారు. లోతు తెలియని నీటిలోకి తలకిందులుగా దూకడం కూడా అంతే ప్రమాదం, మెడ విరుగుతుంది.

మరి మన ఆడపిల్లలు?

కొడుకును ఈతకు పంపే చాలామంది తండ్రులు కూతురి మాట వచ్చేసరికి 'అమ్మాయికెందుకు?' అంటారు. నీరు అబ్బాయా, అమ్మాయా అని అడగదు. చెరువు గట్టున బట్టలు ఉతికేది ఎవరు? ఒకరు జారిపడితే కాపాడబోయి, ఒకరి వెంట ఒకరు మునిగిపోయేది ఎవరు? రేపు తల్లయ్యాక పసిబిడ్డతో ఎక్కువసేపు ఉండేది ఎవరు?

హయా మన ధర్మంలో భాగం. దాన్ని పాటిస్తూనే నేర్పే మార్గాలున్నాయి. చిన్న వయసులోనే మొదలుపెడితే సగం ఇబ్బంది ఉండదు. ఎదిగిన అమ్మాయిలకు స్త్రీల కోసం ప్రత్యేక వేళలు, మహిళా శిక్షకులు ఉన్న కొలనులను వాకబు చేయండి. నాలుగు కుటుంబాలు కలిసి ఫాంహౌస్ తీసుకున్నప్పుడు రెండు గంటలు పూర్తిగా స్త్రీలకే కేటాయించవచ్చు. ఒళ్ళంతా కప్పే ఈత దుస్తులు ఇప్పుడు దొరుకుతున్నాయి. వదులు సల్వార్, దుపట్టాలతో నీటిలో దిగడం మాత్రం ప్రమాదకరం, తడిసి కాళ్ళకు చుట్టుకుంటాయి.

'మాకు వయసు దాటిపోయింది' అనే తల్లులు ఒక మాట వినాలి. హైదరాబాదుకు చెందిన గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకుని, 2021 మార్చిలో భారత్, శ్రీలంకల మధ్యనున్న పాక్ జలసంధిని ఈదారు. మనం సముద్రాలు దాటనక్కరలేదు. మన బిడ్డ వరకు చేరగలిగితే చాలు.

ఫాంహౌస్‌కు వెళ్ళినప్పుడు

- బండి దిగగానే ముందు నీళ్ళ దగ్గరకు పెద్దలు వెళ్ళండి. లోతు ఎక్కడ మొదలవుతుందో చూడండి. నీరు మురికిగా ఉండి అడుగు కనిపించకపోతే పిల్లలను దించవద్దు.

- కావలి మనిషిని పేరు పెట్టి నియమించండి. మెడలో ఒక రుమాలు వేయండి. రుమాలు ఉన్నవారు ఫోను ముట్టకూడదు, మాటల్లో పడకూడదు, లేచి వెళ్ళకూడదు. పదిహేను, ఇరవై నిమిషాలకొకసారి రుమాలు చేతులు మారాలి. నోటితో 'ఇప్పుడు బాధ్యత మీది' అని చెప్పి మరీ ఇవ్వాలి.

- ఈత రాని పిల్లలకు చేయి చాస్తే అందేంత దూరంలో ఒక పెద్దవారు నీటిలోనే ఉండాలి.

- దస్తర్‌ఖాన్ పరిచినప్పుడు, నమాజుకు నిలబడినప్పుడు పిల్లలందరినీ నీటి నుంచి బయటకు తీసి లెక్కపెట్టండి. కొలనుకు తలుపు ఉంటే గడియ పెట్టండి. జమాఅత్‌లో అందరూ ఒకేసారి నిలబడి, పిల్లలను నీటిలో వదిలేయడం సరికాదు.

- పిల్లవాడు కనబడకపోతే మొదట వెతకవలసింది నీటిలో. గదులు తర్వాత.

ఎవరైనా మునుగుతుంటే

పిల్లలకు ఒక సూత్రం కంఠస్థం చేయించండి: కేక వేయి, అందించు, విసురు, దూకవద్దు. పెద్దలను కేకవేసి పిలవాలి. గట్టుపై పడుకుని కర్ర, చున్నీ, చెట్టుకొమ్మ అందించాలి. దూరంగా ఉంటే తాడు, ఖాళీ ప్లాస్టిక్ క్యాను, ట్యూబు విసరాలి. మునిగేవారు భయంతో కాపాడబోయినవారిని పట్టుకుని కిందికి లాగుతారు. ఒక బిడ్డను కాపాడబోయి ముగ్గురు పోయేది ఇలాగే.

బయటకు తీసిన బిడ్డను తలకిందులుగా వేలాడదీయడం, భుజాన వేసుకుని గిరగిర తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం మన వైపు ఇంకా చేస్తున్నారు. వీటితో విలువైన నిమిషాలు పోతాయి, కక్కుకున్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చేయవలసింది ఇది. బిడ్డను గట్టి నేలపై వెల్లకిలా పడుకోబెట్టండి. ఒకరు 108కి ఫోను చేయాలి. ఊపిరి ఆడకపోతే తల కొద్దిగా వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి రెండుసార్లు గాలి ఊదండి, ఛాతీ లేవాలి. ఆ తర్వాత ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30 సార్లు బలంగా నొక్కండి. మళ్ళీ రెండుసార్లు ఊదండి. సహాయం అందేవరకు ఆపకండి. బిడ్డ తేరుకున్నా ఆసుపత్రిలో చూపించాలి. ఈ విద్యను ఒకసారి శిక్షకుల వద్ద చేతులారా నేర్చుకోవడం మరీ మంచిది. ఒక ప్రాణాన్ని కాపాడినవారు మొత్తం మానవజాతిని కాపాడినట్లేనని మాయిదా సూరా బోధిస్తోంది కదా!

బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులతో...

ఈ వ్యాసాన్ని అలాంటి తల్లిదండ్రులు కూడా చదువుతుండవచ్చు. సోదరా, సోదరీ! ఈ మాటలు మిమ్మల్ని నిందించడానికి కాదు. నీట మునిగి మరణించినవారు షహీదుల కోవలో ఉంటారని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. మీ బిడ్డ తన ప్రభువు కారుణ్యంలో ఉన్నాడు. మిగతా వారందరితో మనవి ఏమిటంటే, ఆ శుభవార్త దుఃఖంలో ఉన్నవారికి ఓదార్పు. గట్టు మీద కూర్చున్నవారికి సాకు కాదు.

మనలో ప్రతి ఒక్కరూ కాపరులమే, మన సంరక్షణలో ఉన్నవారి గురించి మనల్ని ప్రశ్నించడం జరుగుతుంది. బిడ్డకు మంచి పేరు పెట్టాం, ఖుర్ఆన్ చదవడం నేర్పుతున్నాం, బడికి పంపుతున్నాం. ఈత కూడా నేర్పుదాం. ఈ వేసవిలోనే మొదలుపెడదాం, ఇన్షా అల్లాహ్.

ఇంట్లో అందరూ కూర్చుని చర్చించుకోండి

1. మన ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో బావులు, కుంటలు, గుంతలు, సంపులు ఎన్ని ఉన్నాయి? వాటిలో ఎన్నింటికి మూత గానీ, కంచె గానీ ఉంది?

2. మన ఇంట్లో ఎందరికి ఈత వచ్చు? రాని వారికి ఎవరు, ఎప్పటిలోగా నేర్పుతారు?

3. మూసా (అలై) తల్లికి దైవ వాగ్దానం ఉన్నా, కూతురిని కావలిగా ఎందుకు పంపింది? దీని నుంచి తవక్కుల్ గురించి మనం ఏం నేర్చుకోవాలి?

4. వచ్చేసారి నీళ్ళ దగ్గరకు వెళ్ళినప్పుడు మొదటి రుమాలు ఎవరి మెడలో ఉండాలి?